షిఫ్టు మీద తూకం రాయి

చిలకలూరిపేట, 2002 వేసవి. జక్రయ్య మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. ఆయన ఎదురుగా, నాలుగేళ్ళ కిందట ఆయన చేర్చుకోనని పంపేసిన షాహిస్తా.

"ఆ కుర్చీ వద్దమ్మా, దానికి మూడు కాళ్ళే. ఇటు కూర్చో. నవ్వుకోవడానికి వచ్చావా?"

"అదేం మాట మాస్టారూ. చూసి పోదామని వచ్చా."

"చూడు. బాగా చూడు. ఇదిగో ఎడమ చెయ్యి. ఒళ్ళో పెడితే ఒళ్ళో ఉంటుంది, బల్ల మీద పెడితే బల్ల మీద ఉంటుంది. నా దగ్గర చదివిన పిల్లల్లో కూడా ఇంత బుద్ధిమంతులు లేరు."

"పక్షవాతం అన్నారు."

"డాక్టరు అట్లా అన్నాడు. మా ఆవిడ జయకుమారి మాత్రం, స్కేలుతో పిల్లల వేళ్ళ మీద కొట్టిన పాపం అంటుంది. కొట్టింది కుడి చెయ్యి కదే, ఎడమది పడిపోవడమేంటని అడిగా."

"ఇన్‌స్టిట్యూట్ మూసేస్తున్నారంటగా?"

"సోమవారం గుంటూరు నుంచి బుల్లయ్య వస్తాడు. కంప్యూటర్లు పదీ కొని పట్టుకుపోయి నెట్ సెంటర్ పెట్టుకుంటాడంట. రెండు చేతుల టైపు నేర్పే మాస్టారికి ఉన్నది ఒక చెయ్యి. బోర్డు మీద ఏం రాయించమంటావు?"

"మీకు మూసెయ్యాలని ఉందా?"

"ఉందా లేదా అని కాదమ్మా, ఇప్పుడు పరిస్థితి..."

"ఉందా?"

"లేదు. ఇది పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. పొద్దున ఆరింటికి టకటకలు వినపడకపోతే నాకు కాఫీ దిగదు. ఇంట్లో కూర్చుంటే ఈ చేతితో పాటు నేనూ పడిపోతా. అది నాకు తెలుసు, జయకుమారికీ తెలుసు. అందుకే ఇద్దరం ఆ మాట ఎత్తం."

"ఒంటి చేత్తో కొట్టి చూశారా?"

"చూశా. ఆ కథ అడక్కు."

"చెప్పండి."

"చిన్నక్షరాలు పర్లేదు. షిఫ్టు దగ్గరే చచ్చేది. షిఫ్టు పట్టుకుని అదే చేత్తో పైవరస అందుకోవాలంటే అరవై దాటిన వేళ్ళు సాగవు. క్యాప్స్ లాక్ వేద్దామంటే, దాంతో అక్షరాలు వస్తాయి గానీ అంకెల మీది గుర్తులు రావు. కంట్రోలుకి అసలు లాకే లేదు. అందుకని పక్క కొట్లో పావుకిలో తూకం రాయి తెచ్చి షిఫ్టు మీద పెట్టా."

"తూకం రాయా?"

"ఇనపది. క్లాసు మొత్తం చూస్తుండగా. కరెంటాఫీసుకి దరఖాస్తు ఎట్లా కొట్టాలో చూపిద్దామని. పెట్టడం బానే ఉంది, తియ్యడం మర్చిపోయా. దరఖాస్తు అంతా పెద్దక్షరాల్లో వచ్చింది, అక్కడి ఇంజనీరు గారి మీద అరుస్తున్నట్టు. తర్వాత రాయి జారి ఎంటరు మీద పడింది. నాలుగు పేజీలు ఖాళీగా పోయినయ్."

"పిల్లలేమన్నారు?"

"తలలొంచుకుని ఎవరి కీబోర్డు వాళ్ళు చూసుకున్నారు. అదే బాధ. క్రిస్టీనా అనే పిల్ల మాత్రం నవ్వాపుకోలేక బయటికెళ్ళింది. ఆ మర్నాడే బుల్లయ్యకి కబురు పెట్టా."

"ఈ కీబోర్డుకి ఇక్కడ సందులున్నాయేంటి మాస్టారూ? పళ్ళూడినట్టు."

"అవా. అవి విండోస్ కీలు. స్క్రూడ్రైవరుతో పీకేశా. టైపు మిషను మీద అలవాటైన చిటికెన వేళ్ళు షిఫ్టనుకుని వాటిని నొక్కేవి, మెనూ పైకి లేచేది. కంపెనీవాడు పని తెలియక పెట్టాడనుకున్నా. పది కీబోర్డులకీ ఇరవై కీలు పీకి సీసాలో పోశా. కంపెనీకి ఉత్తరం కూడా రాశా."

"జవాబు వచ్చిందా?"

"పాపం, వాళ్ళు మంచివాళ్ళు. రాయలేదు."

"మొదటి రోజు క్లాసులో షిఫ్టు కథ చెప్పేవారంటగా. నన్ను చేర్చుకోలేదు కాబట్టి నేను వినలేదు."

"బాగా వాత పెట్టావమ్మా."

"పెట్టడం కాదు, నిజంగానే వినాలని ఉంది."

"అయితే విను. మొదట్లో టైపు మిషన్లకి చిన్నక్షరాలే లేవు, అన్నీ పెద్దవే. రెండూ కావాలంటే కీలు రెట్టింపవుతాయి. అప్పుడెవరో ఒక్కో కడ్డీ చివర రెండేసి అక్షరాలు పోత పోశాడు. షిఫ్టు నొక్కితే పైన కాయితం ఉన్న బండి మొత్తం జరిగేది. షిఫ్టంటే జరపడమే, ఉత్తుత్తి పేరు కాదు. అంత బరువూ చిటికెన వేలి మీదే. అది నొప్పెడుతుందని లాకు కనిపెట్టారు, గొళ్ళెం లాగా. ఒకసారి వేస్తే వేలు తీసెయ్యొచ్చు."

"మరి కంట్రోలు?"

"అది తంతి మీద నడిచే టైపు మిషన్ల దగ్గర్నుంచి వచ్చింది. అక్షరం కొట్టడానికి కాదు, అవతలి మిషనుకి పని చెప్పడానికి. కంట్రోలు పట్టుకుని జి కొడితే అవతలి ఊళ్ళో గంట మోగేది, ఇక్కణ్ణుంచి ఏదో వస్తుంది చూసుకోండని. ఆల్టు వాటి వెనకాల వచ్చింది. ఈ పీకేసినవి మొన్నమొన్నటివి. అన్నిటి సంగతీ ఒకటే. ఉన్న వేళ్ళతోనే ఇంకాస్త పని చేయించడం."

"బానే చెప్పారు. ఆ రోజు నేనూ అదే అడిగా. లాకు వేసుకుని కొట్టుకుంటానని."

"అడిగావు."

"గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు. పరీక్షలో ఒప్పుకోరన్నా. పరీక్ష పెట్టేవాళ్ళని నేను అడగలేదమ్మా. అడిగితే ఏమనేవాళ్ళో ఇప్పటికీ తెలీదు. నువ్వు ఫెయిలైతే నూటికి నూరు పాసని బోర్డు మీద రాసుకోడానికి ఉండదని భయం. అంతే, ఇంకేం లేదు."

"పోనీండి మాస్టారూ."

"పోనివ్వడానికి లేదు. పత్తి జిన్నింగు మిల్లులో చెయ్యి పోగొట్టుకున్న పిల్లవి. మీ అమ్మ ఖాజాబీ గుమ్మంలో నిలబడి ఉంది. పదిమందీ వింటుండగా ఏమన్నానో చెప్పు. నేనే చెప్తా. పట్టుకోడానికొకటి, కొట్టడానికొకటి కావాలి, రెండో చెయ్యి తెచ్చుకుని రా అన్నా. పడక మీద ఉన్నప్పుడు ఆ మాటే తిరిగింది నాకు. సిగ్గేసింది. తప్పు చేశానమ్మా."

"నేను తెచ్చుకోలేదు. అయినా కొడుతున్నా."

"ఏం కొడుతున్నావు?"

"టైపు. నరసరావుపేటలో పత్తి కొనేవాళ్ళ ఆఫీసులో కంప్యూటర్ దగ్గర నేనే. రెండేళ్ళయింది."

"షిఫ్టో?"

"షిఫ్టూ కొడతా, కంట్రోలూ కొడతా. కొంచెం జరగండి."

"అమ్మా, అది కంట్రోల్ ప్యానెల్. దాన్ని ముట్టుకుంటే మళ్ళీ..."

"ముట్టుకుంటేనే వస్తుంది. స్టికీ కీస్ అని ఉంది చూడండి, ఎవరో టిక్కు తీసేశారు ఇక్కడ. పెట్టేశా. ఇప్పుడు షిఫ్టు వరసగా అయిదుసార్లు నొక్కండి."

"అయిదా? వద్దు, మోగుద్ది."

"మోగనివ్వండి."

"మోగింది. చూడు, తెర మీద పెట్టె కూడా వచ్చింది."

"ఎంటరు కొట్టండి. ఇప్పుడు షిఫ్టు ఒక్కసారి నొక్కి వదిలెయ్యండి. వదిలెయ్యండి మాస్టారూ, పట్టుకోవద్దు."

"వదిలితే పోద్ది కదా."

"పోదు. జె కొట్టండి."

"పెద్ద జె."

"ఇప్పుడు ఏ."

"చిన్న ఏ. నేనేమీ పట్టుకోలేదే."

"అక్కర్లేదు. కంట్రోలూ అంతే, ఆల్టూ అంతే. ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోవడమే. మీ పేరు మొత్తం కొట్టండి."

"కొడతాలే. ఒక్క క్షణం ఆగు."

"మాస్టారూ? ఏమైంది? మంచినీళ్ళు తెమ్మంటారా?"

"నీళ్ళు వద్దు. ఆ మోత నాకు తెలుసమ్మా."

"తెలుసా?"

"పిల్లలు ఆటకి షిఫ్టు టకటకా కొడితే మోగేది. వైరస్ అనుకున్నా. గుంటూరు నుంచి మెకానిక్ యూసుఫ్‌ని పిలిపించి, పక్కనే నిలబడి, పదింటికీ ఆ టిక్కు తీయించేశా. అబ్బాయి వద్దండీ, ఎవరికైనా పనికొస్తుందేమో అన్నాడు. ఎవడికిరా అన్నా."

"ఎప్పుడది?"

"నువ్వు రావడానికి రెండ్రోజుల ముందు. నీకు కావాల్సింది ఇక్కడే, ఈ బల్ల మీదే ఉంది. కబురు పెట్టి మరీ తీయించి, ఆనక నిన్ను పొమ్మన్నా. నాలుగేళ్ళు పోయాక అదే నాకూ కావాల్సొచ్చింది. ఇంత తెలివిగలవాడు జిల్లా మొత్తంలో ఇంకొకడు ఉండడు."

"అయిపోయిందిగా. బుల్లయ్యకి ఫోన్ చెయ్యండి."

"ఏమని?"

"సోమవారం రావద్దని."

"వాడు లారీ కూడా మాట్లాడుకున్నాడమ్మా."

"లారీకి వేరే బేరం దొరుకుద్ది. మీకు ఇన్‌స్టిట్యూట్ దొరకదు. చెయ్యండి."

"చేస్తా. చేస్తాగానీ ముందు ఒకటి చెప్పు. నీకిది నేర్పిన మాస్టారెవరు?"

"ఎందుకులెండి."

"చెప్పమ్మా. వెళ్ళి దణ్ణం పెట్టి ఆయన దగ్గర చేరతా. ఏ ఊరాయన?"

"ఈ ఊరే."

"పేటలోనా? నాకు తెలియకుండా? ఎవరాయన?"

"మీరే మాస్టారూ. ఆ సాయంత్రమే డీటీపీ షాపులో నొక్కి చూశా. మీరు నన్ను పొమ్మంటున్నప్పుడు మీ వెనక గోడకి, మీ చేతిరాతతో, కాయితం అంటించి ఉంది: 'షిఫ్టు వరసగా అయిదుసార్లు నొక్కరాదు. నొక్కినచో చెయ్యి తీసేసినా షిఫ్టు వదలదు.'"