టైలరమ్మకు ఇచ్చిన ఉత్తుత్తి మాత్ర

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికి, ఆయన పక్కన కూర్చున్న మా లెక్కల మాస్టారికి, నాతోపాటు పనిచేసిన డాక్టర్లకు, సిస్టర్లకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీలే వెతుక్కుని కూర్చున్న మన పాత రోగులందరికీ నమస్కారాలు. తలుపు తెరిచే ఉంచమని చెప్పాను, కంగారు పడకండి. ఎవరికి ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు లేచి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను. (నవ్వులు)

పెద్ద డాక్టరుగారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను, రుజువు లేని మాటలు ఆయన నోట వినడం మాత్రం ఇదే మొదటిసారి. (నవ్వులు)

నిజం చెప్పాలంటే నేను ఈ విభాగానికి ఇష్టపడి రాలేదు. ఆపరేషన్ల వార్డులో నిలబడి నిలబడి నడుం పట్టేస్తే, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించండి మహాప్రభో అని అడిగాను. మూడో అంతస్తులో లిఫ్టు పక్కన, కిటికీ సగమే తెరుచుకునే గది ఒకటి చూపించి, "ఆందోళన జబ్బుల మందుల మీద పరిశోధన జరుగుతోంది, రోగుల్ని ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవాలి, అంతే" అన్నారు. ఆ "అంతే" అన్న మాట నమ్మి కూర్చున్నాను, ఇవాళ రిటైరై లేచాను.

ప్రశ్నలు పదమూడు. గడిచిన వారంలో ఉన్నట్టుండి భయం కమ్మేయడం ఎన్నిసార్లు జరిగింది, ఎంతసేపు ఉంది, ఏ ఏ చోట్లకు వెళ్ళకుండా తప్పించుకున్నారు, ఇలాంటివి. ప్రతి జవాబుకు ఒక మార్కు. మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువ. అందరినీ ఒకే మాటలతో, ఒకే గొంతుతో అడగాలి. "అయ్యో" అనకూడదు, "భేష్" అనకూడదు. ఇంట్లో నోరు మూతపడని మనిషిని ఇక్కడ రాయిలా కూర్చోమన్నారు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ అయ్యోలూ భేషులూ అన్నీ మా ఆయన మీద కుమ్మరించేదాన్ని. (నవ్వులు)

టైలరమ్మగారూ, చెప్పనా? సరే, తల ఊపారు. ఆమె నిన్ననే నాతో, "నా పేరు చెప్పకండి సిస్టర్, కథ మాత్రం మీ ఇష్టం" అన్నారు. ఆ మూడో వరుసలో చివరి కుర్చీలో ఉన్నారు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరక్కండి, ఆమెకు మొహమాటం.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. ఆమెకు మార్కెట్టు వీధిలో చిన్న కుట్టుపని దుకాణం ఉండేది. ఒక మధ్యాహ్నం ఎవరికో భుజం కొలత తీస్తుంటే గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరాడక, ఇక ప్రాణం పోతోందనుకుని టేపు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తారు. గుండె పరీక్షలన్నీ చేశారు, గుండె బంగారంలా ఉందన్నారు. భయం మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. మొదట దుకాణం మానేశారు, తర్వాత వీధి మానేశారు, చివరికి గడప దాటడం మానేశారు. నాలుగేళ్ళు. గుడ్డలు ఇంటికే తెప్పించుకుని కుట్టేవారు. కుట్టినవి వాళ్ళ అక్కగారు ఇచ్చొచ్చి, కొత్తవి తెచ్చేవారు.

ఆ అక్కగారే ఒకరోజు ఆమెను ఆటోలో ఎక్కించుకుని, దారంతా చెయ్యి వదలకుండా మా దగ్గరికి తీసుకొచ్చారు. అప్పుడు మేము ఒక కొత్త మాత్రను పరీక్షిస్తున్నాం. నేను పద్ధతి ప్రకారం వివరించాను: సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తాం, ఎవరికి ఏది వస్తుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు.

ఆమె అంత భయంలోనూ తలెత్తి చూశారు. "మీకే తెలీదా? మరి ఇంత పెద్ద ఆస్పత్రి ఎందుకు కట్టారండీ?" (నవ్వులు)

అప్పుడు నాకు నవ్వే అనుమతి లేదు. ఇప్పుడు నవ్వుకుంటున్నాను.

పన్నెండు వారాల పరీక్ష. వారానికోసారి రావాలి. మొదటి రోజు ఆమె మార్కులు ముప్పై ఆరు, చివరి రోజు పదకొండు. రాయిలా కూర్చోవాల్సిన నేను లోలోపల ఉప్పొంగిపోయాను. ఈమెకు అసలు మందే పడింది, సందేహమే లేదనుకున్నాను. ఆమె దుకాణం మళ్ళీ తెరిచారు.

తర్వాత ఎనిమిది నెలలకు, పరీక్ష అందరికీ పూర్తయ్యాక, ఎవరికి ఏది ఇచ్చామో ఆ జాబితా తెరిచారు. కొత్త మందు, ఉత్తుత్తి మాత్ర, రెండూ దాదాపు సమానం. మందు తేలిపోయింది. మన డాక్టరుగారు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేయించారు. "కొంచెం మెత్తగా రాయండి" అన్నవాళ్ళతో, "పనిచెయ్యదని తెలిసింది కదా, అది చెప్పకపోతే రేపు ఇంకొకళ్ళు ఇదే మందు ఇంకో వెయ్యిమంది చేత మింగిస్తారు" అన్నారు. ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను, డాక్టరుగారూ. ఆ మాట మీతో ఎప్పుడూ అనలేదు గానీ, ఈ ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

జాబితాలో టైలరమ్మగారి పేరు ఎదురుగా ఉత్తుత్తి మాత్ర అని ఉంది.

పరీక్షలో చేరినవాళ్ళకు, అడిగితే, తమకు ఏది ఇచ్చామో చెప్పాలి. ఆమె అడిగారు. నేనే చెప్పాను. ఎలా చెప్పాలో ముందు నాలుగు రకాలుగా అనుకుని వెళ్ళి, తీరా ఆమె ముందు నిలబడ్డాక ముక్కుసూటిగా చెప్పేశాను. ఆమె చేతిలోని సంచీ కింద పెట్టారు. తర్వాత అడిగారు.

"అంటే నా జబ్బు కూడా ఉత్తుత్తిదేనా సిస్టర్? నాలుగేళ్ళు నేను నాటకమాడానా?"

కాదు కాదు అన్నాను గానీ, ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత అక్కగారు ఫోను చేశారు. "దుకాణం తెరవట్లేదమ్మా. మళ్ళీ గదిలోనే. ఏం చెప్పారు మీరు దానికి?"

(ఆగి) ఆ రోజే డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, "మనం చెప్పకుండా ఉండాల్సింది సార్, బాగున్న మనిషిని నా నోటితో పాడుచేశాను" అని ఏడ్చాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "చెప్పకపోతే మోసం చేసినట్టు. సగం చెప్పి వదిలేస్తే అదీ మోసమే. మిగతా సగం చెప్పి రండి" అన్నారు.

మిగతా సగం ఏమిటో నాకు తెలియలేదు. వారం వారం నేను రాసుకున్న ఆమె పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాను. అప్పుడు కనపడింది. ఆ పుస్తకం సంచీలో పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను.

కిటికీ మూసిన గదిలో మిషను ముందు కూర్చున్నారు. మిషను మీద గుడ్డ లేదు. ఆమె కూర్చోమనకుండానే నేను కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

"ఒకటో వారం. ఆటోలో, అక్కతో వచ్చారు. కళ్ళు మూసుకుని వచ్చానన్నారు. మూడో వారం. బస్సెక్కారు. ఊపిరాడక రెండు స్టాపుల ముందే దిగి, అక్కతో నడిచి వచ్చారు. ఆరో వారం. అక్క వెనక సీట్లో, మీరు ముందు సీట్లో. తొమ్మిదో వారం. ఒంటరిగా వచ్చారు. పదకొండో వారం. బస్సులో భయం వచ్చింది, చెమటలు పట్టాయి, దిగలేదు. మన స్టాపు వచ్చేసరికి తగ్గిందన్నారు."

ఆమె ఇటు తిరిగారు. "అది నేను చెప్పానా?"

"మీరే చెప్పారు. నేను మార్కు వేశాను. నేనూ మాత్రనే చూశాను గానీ మీరు బస్సెక్కడం చూడలేదు, తప్పు నాది. మీ భయం అబద్ధం కాదమ్మా. ఆ చెమటలు అబద్ధం కాదు. మాత్ర ఉందన్న ధైర్యంతో బయల్దేరారు, నిజమే. కానీ ప్రతివారం ఆ భయంలోకి నడిచి, అది తగ్గేదాకా నిలబడ్డ మనిషి మీరు."

ఆమె పుస్తకం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకున్నారు. రెండుసార్లు. తర్వాత, "రేపు పదింటికి వస్తా. ఏ మాత్రా లేకుండా ఎలా వస్తానో అదీ రాసుకోండి" అన్నారు, కొంచెం కోపంగానే.

మర్నాడు పది దాటింది, పదకొండు దాటింది. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. పన్నెండింటికి ముఖమంతా చెమటలతో వచ్చారు. దారిలో రెండుసార్లు దిగి, రెండుసార్లూ మళ్ళీ ఎక్కారట. నేను రాసుకున్నాను. రాసుకుంటూ, జీవితంలో మొదటిసారి, రోగి ముందు "భేష్" అన్నాను. డాక్టరుగారూ, అది నిబంధనలకు విరుద్ధం, ఇవాళ ఒప్పుకుంటున్నాను, ఇక నన్నేం చెయ్యలేరు. (నవ్వులు, చప్పట్లు)

ఇదంతా మంగళవారం సమావేశంలో ఆవేశంగా చెప్పాను. మా పరీక్షల అంకెలన్నీ లెక్కకట్టే లెక్కల మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "సిస్టర్, ఒక్క మనిషి రుజువు కాదు. వట్టి ప్రశ్న" అన్నారు. అప్పుడు ఆయన్ని కొరికేద్దామనిపించింది. (నవ్వులు) కానీ ఆ ప్రశ్నను వదలనిదీ ఆయనే. భయపడేవాళ్ళ పక్కన ఎనిమిది వారాలు ఒక సిస్టర్ నడిస్తే, బస్సెక్కితే, సంతలో నిలబడితే, మామూలు వైద్యం కన్నా మేలు జరుగుతుందా అని రెండు వందల ఆరుగురితో పరీక్ష తయారుచేశారు. ఐదేళ్ళు పట్టింది. నడిచేదాన్ని నేనే గనక మార్కులు వేసే పని నా చేతిలోంచి తీసేశారు. కూర్చుని చేసే పని అడిగిన మనిషిని ఊరంతా నడిపించారు. మా ఆయనైతే, "నాతో వీధి చివరిదాకా రమ్మంటే నడుం నొప్పంటావు" అని ఇప్పటికీ దెప్పుతారు.

మేలు జరిగింది. అందరికీ కాదు. సుమారు ముగ్గురిలో ఒకరికి పెద్దగా ఏమీ మారలేదు, వాళ్ళలో కొందరి ముఖాలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. కానీ ఏడాది తర్వాత వెళ్ళి చూస్తే, మేము తోడు నడిచినవాళ్ళలో సగానికి పైగా తమ పనులకు తాము వెళ్తున్నారు. ఇవాళ ఆ పద్ధతి మన ఆస్పత్రిలో అందరికీ అందుతోంది. టైలరమ్మగారు గురువారాలు దుకాణం మూసి కొత్తవాళ్ళకు తోడు నడుస్తున్నారు.

పోయిన గురువారం నేనూ వాళ్ళతో బస్సెక్కాను. రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని, "ఇది ఎప్పటికైనా పూర్తిగా పోతుందా అమ్మా?" అని ఆమెను అడిగారు. నేనైతే శాతాలు చెప్పేదాన్ని. ఆమె మాత్రం, "నాకైతే పూర్తిగా పోలేదండీ. అప్పుడప్పుడూ వచ్చి పక్క సీట్లో కూర్చుంటుంది. కూర్చోనివ్వండి. మన స్టాపులో మనం దిగుదాం" అన్నారు. ఇద్దరూ దిగారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయి నా స్టాపు దాటిపోయాను.

సన్మానం నాకు చేశారు, సంతోషం, శాలువా బాగుంది. కానీ నా కృతజ్ఞత చెప్పాల్సింది మాత్రం ఇన్నేళ్ళలో మా మాట నమ్మి సంతకం పెట్టినవాళ్ళకు: మందు పనిచేసినవాళ్ళకు, పనిచెయ్యనివాళ్ళకు, మధ్యలో మానేసి మొహం చాటేసినవాళ్ళకు, ముఖ్యంగా తెలియకుండా ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ళకు. వాళ్ళు లేకపోతే ఏది మందో ఏది కాదో ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళకు శాలువాలు కప్పే ఆనవాయితీ లేదు. అందుకని ఈ చేతులతో దండం పెడుతున్నాను.

రేపు ఎవరైనా మూడో అంతస్తుకు వచ్చి, తలుపు సగం తోసి, "సిస్టర్ ఉన్నారా?" అని అడిగితే లేరని చెప్పకండి. ఆ మాట అడగడానికి వాళ్ళు ఎంత దూరం నుంచి, ఎన్నిసార్లు దిగి ఎక్కి వచ్చారో మనకు తెలియదు. "ఉన్నారు, రండి, కూర్చోండి" అనండి. కొత్త సిస్టర్ అక్కడే ఉంటుంది.

నాకు మాత్రం సెలవు ఇప్పించండి.