దొరకి షుగర్ తగ్గింది

అదేంటి డాక్టరమ్మా, షుగర్ తగ్గితే మంచిదే కదా! మీరెందుకలా మొహం పెట్టారు? మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాం. మా ఆయనకి ఒక్కసారి తగ్గిందంటే చాలు, ఆ పూట ఇంట్లో అందరికీ ఊపిరొస్తుంది. మీరేమో కుక్కకి తగ్గిందంటూ అంత హడావిడిగా సూది గుచ్చారు!

ఏంటీ... మరీ తగ్గితే ప్రాణానికే ముప్పా?

అయ్యో, నా నోరు పడిపోను! తెలీక వాగాను తల్లీ. మీ పని మీరు కానివ్వండి, నేను వీడి తల పట్టుకుంటాను. కరవడమ్మా. పేరుకే దొర, పిల్లి ఎదురైతే నా వెనకాల నక్కుతాడు.

చెప్తాను, చెప్తాను. మధ్యాహ్నం దాకా నిక్షేపంలా ఉన్నాడు. నేను మిషను మీద ఎవరివో స్కూలు బట్టలు కుడుతున్నా. ఉన్నట్టుండి భళుక్కున కక్కాడు. లేచి రెండడుగులు వేశాడో లేదో, తాగినోడిలా తూలి గోడకి కొట్టుకున్నాడు. తర్వాత పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టాడు. కుక్కని ఎక్కించుకోనన్న ఆటో అతనితో పోట్లాడి, వీణ్ణి ఒళ్ళో వేసుకుని, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చిపడ్డాను.

ఏం తిన్నాడంటారా? పొద్దున వాడి తిండి వాడు తిన్నాడు, అంతే. ఎలకల మందా? మా ఇంట్లో లేదు. చాక్లెట్టా? షుగరున్న మనిషి ఇంట్లో చాక్లెట్టెక్కడిదమ్మా! తీపన్నది మా గడప తొక్కదు.

ఆ... ఈ బిళ్ళలొక్కటే. ఇదిగో, సంచీలోనే ఉంది డబ్బా. ఆయన మందులన్నీ వెంటే తిప్పుతాను. పక్షవాతం వచ్చాక వాడే మందులకి నోరు పిడచకట్టుకుపోతోందంటే పళ్ళ డాక్టరు రాశాడు. పుదీనా వాసనతో తియ్యగా ఉంటాయి గానీ పంచదార కాదట. షుగరు పెరగదు, పళ్ళు పుచ్చవు, రోజంతా చప్పరించమన్నాడు.

ఏం రాసుంది దాని మీద? జైలిటాలా? అంటే? షుగర్ ఆల్కహాలా! అదేం మాటమ్మా, ఆ అలవాటు మా ఇంటా వంటా లేదు!

ఓహో, పేరుకే ఆల్కహాలు, సారా కాదు. మనిషికేం కాదు. మరి కుక్కకి? ఒంట్లో ఉన్న షుగరంతా లాగేస్తుందా? లివరు కూడా పోవచ్చా?

ఓరి దేవుడో! పంచదార లేదు కదా ఇంకేం భయమనుకున్నానే.

అయినా వాడెలా తింటాడు డాక్టరమ్మా? ఈ మూత చూడండి, నొక్కి తిప్పితేగానీ రాదు. ఆయన ఎడం చేత్తో తిప్పలేడని నేనే కాస్త వదులుగా పెడతాను. అయినా కుక్కకెలా వస్తుంది? ఒక్క పంటిగాటు కూడా లేదు. పొద్దునే కొత్తది విప్పిచ్చాను, ఇప్పుడు చూస్తే అడుగున నాలుగే ఉన్నాయి. మూత మాత్రం పెట్టే ఉంది. కుక్క తిని మూత పెడుతుందా?

ఉండండి. ఆ తలుపు దగ్గరగా వెయ్యండి తల్లీ. ఆయన బయట బల్ల మీదున్నాడు.

పక్షవాతం వచ్చాక ఆయన మంచం దిగనంటే దిగనన్నాడు. వ్యాయామం చేయించే అమ్మాయి బతిమాలింది. నేను తిట్టాను, ఏడ్చాను. ఊఁహూఁ. చివరికి ఈ దొరే తన మెడ గొలుసు నోట కరుచుకొచ్చి ఆయన ఒళ్ళో పడేశాడు. అప్పుడు లేచాడు. ఇప్పటికీ ఆ గొలుసు పట్టుకుంటేనే ఆయన కాళ్ళు కదులుతాయి. కట్టుకున్నదాన్ని, నా చెయ్యి పట్టుకుని నడవడమ్మా! కుళ్ళుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

ఇవాళ మొదటిసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చారిద్దరూ. తిరిగొచ్చి మెట్ల మీద కూలబడి ఆయన నవ్వుతున్నాడు. మూతి వంకరే, కానీ నవ్వు నవ్వే. వీడు ఆయన అరచెయ్యి తెగ నాకుతున్నాడు. అబ్బో, ఏం ప్రేమో అనుకుని నేను మళ్ళీ మిషను తొక్కుకున్నాను. ఆ చేతిలో ఏముందో చూళ్ళేదు.

ఆయనే పెట్టాడు తల్లీ. నడిపించినందుకు బహుమానం. ఇంట్లో ఇంకే తీపీ లేదు కదా, పాపం, ఉన్నదే పెట్టాడు.

బతుకుతాడా? రేపటిదాకా చెప్పలేమంటే ఎలాగమ్మా! షుగరెక్కించండి, ఎంత కావాలంటే అంత ఎక్కించండి. నాకు భయంగా ఉంది. వీడు పోతే ఆయన మళ్ళీ మంచమెక్కుతాడు. తన చేత్తోనే పెట్టానని తెలిస్తే, ఇక ఆ మంచం దిగడు.

అందుకే తెలియకూడదు. నేనే పెట్టానని రాసుకోండి. వీడి నోరు కంపు కొడుతోందని గుప్పెడు బిళ్ళలు నేనే పెట్టాను. అంతే.

అదుగో, పిలుస్తున్నాడు. ఆ ముద్దమాట మీకర్థం కాదు, ఏమైందని అడుగుతున్నాడు. తలుపు తియ్యండి. తీసి నన్ను తిట్టండి తల్లీ. బుద్ధుందా, మనుషుల మందు కుక్కకెలా పెట్టావని తిట్టండి. మెల్లిగా కాదు, ఆయనకి వినబడేలా తిట్టండి.