చెడిపోని బండి

ఆపవయ్యా, ముందు ఆ ఇంజను ఆపు లాజరూ! ఎదురింటికి వినపడుద్ది.

హమ్మయ్య. చెయ్యి పెట్టీ పెట్టకముందే స్టార్టు చేసేశావేంటి? కాసేపు అటూ ఇటూ చూడకూడదూ? బుర్ర గోక్కోకూడదూ? బానెట్టు ఎత్తావు, వైరు గుచ్చావు, తాళం తిప్పావు, అంతే! నెల్లాళ్ళుగా కదలకుండా పడున్న బండి ఒక్క దగ్గు కూడా దగ్గకుండా అందుకుంది. దీని దుంప తెగ!

ఏంటట్లా చూస్తావు? నేనే తిట్టాను, నిజమే. పదకొండేళ్ళు సాకిందీ నేనేగా. ఐదువేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆయిల్ మార్పించలా? ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, కూలెంటు... ఏదైనా ఒక్కరోజు ఆలస్యం చేశానా? నువ్వే అనేవాడివి, "షావుకారు గారూ, ఈ ఇంజను మీ తర్వాత కూడా ఆడుద్దండీ" అని. ఆ మాటే తగిలినట్టుంది నాకు.

చెడిపోని బండి ఇంట్లో ఉంటే ఏమవుద్దో తెలుసా? అది నీది కాకుండా పోద్ది. నెమలి ఊళ్ళో గుడికి ఒకళ్ళు, పెనుగొలనులో పెళ్ళిచూపులకి ఒకళ్ళు, విజయవాడ ఆసుపత్రికి ఒకళ్ళు. మా బావమరిది నాగేంద్ర అయితే అడగడం కూడా మానేశాడు. "బావా, తాళం" అంటాడు, అంతే. వెనక సీట్లో యూరియా బస్తాలు వేసుకుని మామిడితోటకి పోయేవాడు. ఒకసారి ఎవరో కోడి బిర్యానీ గిన్నె ఒలకబోశారు. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం కదా! నెల రోజులు అద్దాలు దించుకుని తిరిగాను.

ఇవ్వనని చెప్పొచ్చుగా అంటావా? ఎవరికయ్యా చెప్పేది? అందరూ మన కొట్లో సరుకు తీసుకునేవాళ్ళే, అందరూ వరసలు కలిపి పిలిచేవాళ్ళే. మనిషి మొహం మీద లేదనడం మా నాన్న నాకు నేర్పలేదు. అదే బండి బాగోలేదన్నావనుకో, ఎవరికీ కోపం రాదు. "అయ్యో పాపం" అనుకుంటూ పోతారు.

అందుకని నేనే పీకాను లాజరూ.

అవును, నేనే. మొన్న మాఘమాసంలో, పెళ్ళిళ్ళు ముసురుకున్నప్పుడు. మూడు సిలిండర్లలో మధ్యదాని కాయిల్ వైరు. అది ఊడితే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికిపోద్దని ఒకప్పుడు నువ్వే చూపించావు, గుర్తుందా? నాగేంద్ర వచ్చాడు, స్టార్టు చేశాడు, అమ్మో అని దిగిపోయాడు. పార్టు హైదరాబాదు నుంచి రావాలని చెప్పా. కనకమ్మకీ అదే చెప్పా. కట్టుకున్నదానికి కూడా అబద్ధమా అంటే, ఏం చెయ్యను? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

తొమ్మిది రోజులు ఎంత హాయిగా ఉన్నాననుకున్నావు! మా గేటు ఎవ్వరూ తియ్యలేదు.

పదో రోజు పొద్దున ఏడింటికి ఎదురింటి దశరథరామయ్య గారు పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. మూతి ఒక పక్కకి వెళ్ళిపోయింది. సుబ్బాయమ్మ గారు రోడ్డుకడ్డం పరిగెత్తుకొచ్చి "అన్నయ్యగారూ, బండి తియ్యండి" అంది. నేను నోరు తెరిచేలోపే మా కనకమ్మ "అయ్యో వదినగారూ, బండి పాడైంది కదా" అనేసింది. ఆవిడ తప్పేం లేదు. ఆవిడకి అది నిజమే.

తాళం నా చొక్కా జేబులోనే ఉంది.

వైరు గుచ్చడానికి ఎంతసేపు? ఇందాక నీకెంతసేపు పట్టింది? అసలు గుచ్చకపోయినా, వణుక్కుంటూనైనా ఆసుపత్రి దాకా పోయేది. కానీ వీధంతా అక్కడే ఉంది, నాగేంద్రతో సహా. బానెట్టు ఎత్తి వైరు పెడితే, ఇన్నాళ్ళూ నాటకమాడానని తెలిసిపోదూ? అదే ఆలోచించాను. అవతల మనిషి పడిపోయి ఉంటే, నేను నా పరువు గురించి ఆలోచించాను! అంబులెన్సుకి ఫోన్ చేస్తే టైమ్ పట్టుద్దన్నారు. ఆటో కోసం కుర్రాళ్ళు సెంటరుకి పరిగెత్తారు. చెప్పుల్లేకుండా నేనూ పరిగెత్తాను. నన్ను చూసి ఎంత మంచివాడో అనుకునుంటారు.

ఆటో దొరికి, ఆయన్ని ఎక్కించి, అది సందు మలుపు తిరిగాక నాకు తట్టింది. ఏదో కదిలిస్తే బాగైపోయిందని ఇంకో అబద్ధం చెప్పినా సరిపోయేది కదా! తొమ్మిది రోజులు అబద్ధమాడినవాడికి ఆ ఒక్కటీ సమయానికి రాలేదయ్యా.

ముప్పావుగంట. ముప్పావుగంట ముందు తెచ్చుంటే ఇంజెక్షను పనిచేసేదన్నారట డాక్టర్లు. ఇప్పుడాయనకి కుడిచెయ్యి లేవదు, మాట రాదు. పొద్దున్నే నన్ను చూసి ఎడంచెయ్యి ఎత్తుతారు. అది నమస్కారమో, ఇంకేదో నాకు తెలీదు. నేను కొట్టుకి వెనకసందులోంచి పోతున్నాను.

సుబ్బాయమ్మ గారు నాలుగు తిట్టినా బాగుండేది. "ఆ రోజు బండి బాగోలేక మీరెంత విలవిల్లాడారో అన్నయ్యగారూ" అని నన్నే ఓదార్చింది! ఇప్పుడేమో వాళ్ళమ్మాయి హాసిని నిన్ను పంపింది. నాన్నని వారానికి రెండుసార్లు విజయవాడ తీసుకెళ్ళాలి, అంకుల్ బండి మేమే బాగుచేయిస్తాం అని. వద్దంటే ఎందుకంటారు. సరేనంటే వాళ్ళ చేత బాగుచేయించుకున్నవాణ్ణవుతాను. కుడితిలో పడ్డ ఎలుకైనా నాకంటే నయం.

అందుకే నిన్ను బతిమాలుతున్నా. పాత పార్టు చేతిలో పెట్టి చూపించందే కొత్తది బిగించవు నువ్వు. ఊళ్ళో అందరికీ నీ మాటంటే గురి. నీ షెడ్డులో మాడిపోయిన కాయిల్ ఒకటైనా ఉండకపోదు. పట్టుకొచ్చి చూపించు. ఇది పోయిందమ్మా, ఆ రోజు ఎవరు తాళం తిప్పినా బండి కదిలేది కాదు అని చెప్పు. వాళ్ళకి చెప్పాక నాక్కూడా ఒకసారి చెప్పు లాజరూ. నమ్మడానికి చూస్తాను.

చేతులు తుడుచుకుంటావేంటయ్యా?

అదిగో, హాసిని గేటు తీస్తోంది.

రా అమ్మా, రా. ఆ... బాగైందమ్మా. లాజరు చెయ్యి పడితే బాగవ్వకుండా ఉంటదా? రేపు పొద్దున్నే వెళదాం, నాన్నగారిని నేనే తీసుకెళ్తాను. ఏంటమ్మా? ఏం పాడైందనా?

ఏం పాడైందంటే... అదీ...

నువ్వే చెప్పు లాజరూ. ఏది చెప్పినా నేను కాదనను.