పొడుగు కారుకు బండలేసిన ముచ్చట

"తాతా, ముందటి సీటు కాడ కాళ్ల కింద తాండూరు బండ ఎందుకున్నది? కార్లకు రబ్బరు మ్యాట్లుంటయి గదా."

అడుగుతవని తెలుసు. ఈ కారు ఎక్కినోళ్లందరు అడుగుతరు. మర్యాదస్తులు దిగినంక అడుగుతరు, నువ్వు ఎక్కకముందే అడిగినవు. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు. జర దగ్గరకు పెట్టు, పండ్లు పోయినంక నా మాట సగం పక్కకెళ్లి పోతున్నది. ముందుగాల్నే చెప్తున్న, ఈ ముచ్చట్ల తెలివిగల్లోళ్లు ముగ్గురున్నరు. మీ నాయనమ్మ, మోయిన్ భాయ్, ఒక గొర్లకాపరి. నా పేరు అండ్ల దేవులాడకు.

నేను మెకానిక్కును కాదు బిడ్డా, బండలు పరిచే మేస్త్రిని. తాండూర్ల పుట్టిన, ఆ బండల గనుల నడుమనే పెరిగిన, మీసాలు రాకముందే ఉలి పట్టిన. పెండ్లయినంక వికారాబాద్ వచ్చి పడ్డ. అప్పుడు బస్సు టికెట్టు రూపాయిన్నర... కాదు, రెండు రూపాయలా? మీ నాయనమ్మను అడుగు, ఆమెకు యాదికుంటది. నాకు ఏ ఇంట్ల ఏ బండ ఎంత మందమున్నదో అదే యాదికుంటది. ఈ ఊర్ల నా బండ మీద కాలు పెట్టకుంట నాలుగు గల్లీలు తిరగలేవు. అది గొప్పకు చెప్తలేను. అంటే, గొప్పకే చెప్తున్న గని, ఆ గొప్పనే నన్ను ఎట్ల ముంచిందో ఇను.

అసలు సంగతి కారు కాదు, మీ నాయనమ్మ తుంటి. జారి పడ్డది, ఆపరేషనైంది, నీకెరుకే. డాక్టరు ఏమన్నడంటే, కింద కూసోవద్దు, వంగొద్దు, ఎత్తు ఎక్కొద్దు. ఇంట్ల కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసిచ్చిన. నడక మంచిగనే వచ్చింది. గని తాండూర్ల వాళ్లక్క ఉన్నది గదా, శాంతమ్మ. వాళ్లమ్మ పోయిన్నాడు మీ నాయనమ్మకు నాలుగేండ్లు. నీళ్లు పోసింది, జడేసింది, బడికి పంపింది, నాకిచ్చి పెండ్లి చేసింది అన్నీ ఆ అక్కనే. ఆ ఆఖరిదొక్కటే ఆమె చేసిన తప్పు.

ఇప్పుడు ఆ అక్కకు కండ్లు కనిపియ్యవు, ఇల్లిడిచి రాదు. ఈమె పోలేదు. ఇట్ల రెండేండ్లు ఒకర్నొకరు కలవలే. ఫోనున్నది గదా అంటవు. ఆ ఫోను నువ్వొకసారి ఇనాలె. ఇద్దరికి చెవుడే. ఆమె "కాలెట్లున్నది" అంటది, ఈమె "నిన్ననే తెచ్చినం, కిలో ఐపోయింది" అంటది. ఆమె "మంచిది మంచిది" అంటది. ఫోను పెట్టినంక ఈమె గోడ దిక్కు చూసుకుంట జరసేపు కూసుంటది. నేను ఇంట్ల లేనట్టు నటిస్త.

బస్సు మెట్టు ఎత్తు. రైలు మెట్టు ఇంకా ఎత్తు. టాక్సీ మాట్లాడిన. చిన్నది తెస్తే అండ్ల కూసోవాల్నంటే బాయిల దిగినట్టు కిందికి పోవాలె. పెద్దది తెస్తే గోడెక్కినట్టు ఎక్కాలె. రెండుసార్లు తయారై గేటు దాంక పోయి వాపసొచ్చింది. రెండోసారి సంచిల సర్దినయన్ని బయటికి తీసేసి, "ఇగ వద్దు తియ్యి. మూడోసారి గిట్ల తిరిగొస్తే మల్ల నన్ను అడగకు" అన్నది. కోపంగ అంటే ఫికర్ లేకుండె. మెల్లగ అన్నది.

గా టైంలనే బండలు చూద్దామని తాండూరు పోయిన. ఒక సేటు గోదాం ఎనక ఉన్నది ఈ పొడుగు కారు. విలాయతిది. ముందల కారు లెక్కనే ఉంటది, ఎనక వ్యాను లెక్క పొడుగు, డిక్కీ జాగల పైకి లేసే తలుపు. స్టేషన్ వ్యాగన్ అంటరు. నా చిన్నప్పుడు ఆ సేటు వాళ్ల నాయిన దీంట్లనే నమూనా బండలేస్కొని స్టేషన్‌కు పోతుండె, మేము ఎనక ఉరుకుతుంటిమి. ఇప్పుడు కోళ్లు గుడ్లు పెడుతున్నయి. ఎనకసీటు లేదు, టైర్లు లేవు, ఇంజనుందో లేదో నేను చూడలేదు. ఇంకోడైతే బానెట్ తీస్తడు. నేను జేబుల టేపు తీసిన. భూమి మీద నుంచి ముందు సీటు దాంక కొలిచిన. ఇంట్ల మీ నాయనమ్మ కుర్చీ ఎత్తు నాకు నోటికొచ్చు. అర అంగుళం తేడా. సీటేమో సోఫా లెక్క ఒక్కటే, ముగ్గురు కూసోవచ్చు. తలుపు ఇంత వెడల్పు తెరుసుకుంటది. కోడిని లేపి నేను కూసున్న, లేసిన, కూసున్న, లేసిన. సేటు నన్ను చూసి నీళ్లు తెప్పిచ్చిండు, ఎండ తగిలిందనుకున్నడు.

ఆయన కొత్త ఇంటి వరండాకు బండలు పరిచిచ్చిన, ఆయన కారిచ్చిండు. బండల లారీ మీదనే ఏస్కొచ్చి గీ రేకుల షెడ్డుల దింపిన. సిమెంటు బస్తాలు బయట, కారు లోపట. మోయిన్ భాయ్‌ని పిలిచిన. నాకు నలభై ఏండ్ల దోస్తు, బస్టాండ్ ఎనక మెకానిక్కు. బానెట్ లేపిండు, చూసిండు, దించిండు. "మేస్త్రీ, దీనికి మెకానిక్కు కాదు, ప్రార్థన చేసేటోడు కావాలె. మీ చర్చిల అడుగు" అన్నడు. అన్నడు గని, తెల్లారి పానాలు పట్టుకొని వచ్చిండు.

పది నెలలు పట్టింది. ఇంజను ఆయన ఇప్పిండు, ఆయన బిగిచ్చిండు. నేను పట్టుకొమ్మన్నది పట్టుకున్న. ఒకసారి పట్టుకోవద్దన్నది గూడ పట్టుకున్న, అగో ఈ ఏలు చూడు. కాగితాలకు ఎన్నిసార్లు తిరిగిననో చెప్తే నీ ఫోను నిండిపోతది. రంగు మాత్రం నేనే ఏసిన, బ్రష్షుతోని. దగ్గర నిలవడి చూస్తే దర్వాజకు ఏసినట్టే ఉంటది. అందుకే ఎవ్వర్ని దగ్గర నిలవడనియ్య.

ఆఖరికి నేల మిగిలింది. కింది రేకు మొత్తం కుళ్లిపోయి, కూసుంటే భూమి కనవడుతుండె. మోయిన్ భాయ్, "ఇనుప రేకు తెచ్చిపెట్టు, వచ్చినంక వెల్డింగ్ చేపిస్త" అని చెప్పి బిడ్డను చూడనీకి వారం రోజులు జహీరాబాద్ పోయిండు. ఇగ నేనొక్కన్నే షెడ్డుల కూసొని ఆలోచన చేసిన. మనిషి ఒక్కడే కూసొని ఆలోచన చెయ్యొద్దు బిడ్డా, గిసొంటి ఆలోచనలే వస్తయి. ఊరందరి కాళ్ల కింద బండలేసినోన్ని, నా ఇంటామె కాళ్ల కింద డబ్బా రేకు ఏస్తనా?

ఏసిన. బండలే ఏసిన. కుళ్లిన రేకంత కోసి పారేసి, కింద ఇనుప పట్టీలు బిగిచ్చి, వాటి మీద ఇసుక సిమెంటు పోసి, నీలం రంగు తాండూరు బండ, ఒక దిక్కు పాలిష్‌ది, సందు కనవడకుంట పరిచిన. నీళ్ల పైపుతోని లెవల్ చూసిన. నవ్వకు, ఇంకున్నది. వాలు గూడ ఇచ్చిన. కడిగితే నీళ్లు ఎనక తలుపు దిక్కు పోవాలని. కారు లోపట బకెటుతోని ఎవరు కడుగుతరని మాత్రం ఆలోచన రాలే.

మోయిన్ భాయ్ వచ్చిండు. తలుపు తీసిండు. చాయ్ అడిగిండు. చాయ్ తాగినంక, "మేస్త్రీ, గోడలెప్పుడు లేపుతవు?" అన్నడు.

"తమాషా చెయ్యకు."

"తమాషా నేను చేసిన్నా? కారు ఎనక చూడు, కూసున్న బర్రె లెక్కున్నది. ఈ పట్టీలు, ఈ స్ప్రింగులు ముసలియి. గుట్ట ఎక్కది. తియ్యి."

తీద్దుననే అనుకుంటున్న. గంతల్నే మీ నాయనమ్మ కర్ర పట్టుకొని వచ్చింది. సీటు మీద కూసున్నది. ఒక్కపాలి కూసున్నది, నొప్పి లేదు, వంగుడు లేదు. చెప్పులిడిచి బండ మీద కాళ్లు పెట్టింది. "సల్లగుంది" అన్నది. "జారుతలేదు. మా అక్క కాడికి రేపు పోదమా?" అన్నది. 'ఇగ వద్దు' అన్నంక పదిహేను నెలలకు ఆమె నోట్ల నుంచి వచ్చిన పోదాం అది. ఇగ నేనెందుకు తీస్త? మోయిన్ భాయ్ దిక్కు దండం పెట్టినట్టు చూసిన. ఆయన తలకాయ కొట్టుకొని, "కారు కోసం నేనొస్త, నీ కోసం కాదు. నడిపేది గూడ నేనే" అన్నడు.

తెల్లారి పొద్దుగాల బయలెల్లినం. స్టీరింగ్ కాడ మోయిన్ భాయ్, నడుమ నేను, అంచుకు మీ నాయనమ్మ. ఊరు దాటెదాంక నేను రాజునే. గల్లీల ముసలోళ్లకు చెయ్యి ఊపిన. అనంతగిరి గుట్ట మొదలైంది. మొదటి మలుపుకు కారు దగ్గింది. రెండో మలుపుకు ఎనక టైరు పైకి రాసుకొని రబ్బరు వాసనొచ్చింది. మూడో మలుపు కాడ కుత కుత మరుగుకుంట నిలవడ్డది. టైర్ల కింద రాళ్లు పెట్టినం.

మోయిన్ భాయ్ ఒక్క మాట తిట్టలే. అదే నాకు భయమైంది. "నీళ్లు పోస్త, సల్లారుతది. గని ఈ బరువుతోని ఎక్కది. కిందికైతే దిగుతది. ఇంటికి పోవచ్చు" అన్నడు.

మీ నాయనమ్మ రోడ్డు దిక్కు చూస్తున్నది, ఫోను పెట్టినంక గోడ దిక్కు చూసినట్టే. కర్ర తీసి ఒళ్లె పెట్టుకున్నది. ఇంటికి తిరిగితే అది మూడోసారి. ఆ మూడోసారి తర్వాత నాలుగోది లేదని నాకెరుక.

నేను సంచిల నుంచి ఉలి, సుత్తె తీసిన. నా జిందగీల నేను పరిచిన నేల నేను పగలగొట్టలే. పక్కోడు పరిచింది గూడ మస్తు బాధపడుకుంట తీస్తుంటి. ఎనక తలుపు లేపి మోకాళ్ల మీద కూసొని మొదటి బండ కింద ఉలి పెట్టి కొట్టిన. రాలే. మల్ల కొట్టిన. ఊహూ. ఏం చెప్పాలె బిడ్డా, అంత మంచిగ పరిచిన ఆ మేస్త్రి మీద నాకు పట్టరాని కోపమొచ్చింది.

గంతల గొర్ల మంద వచ్చింది. కాపరి నా ఈడోడే, గొంగడి భుజానేస్కొని నిలవడి జరసేపు చూసిండు. "ఇల్లు ఖాళీ చేస్తున్రా?" అని అడిగిండు.

"బరువైంది. తీస్తున్నం" అన్న.

వంగి లోపట చూసిండు. బండ మీద చెయ్యేసి రాసిండు. "పని మాత్రం మస్తుగున్నది. కార్ల బండలు పరిచిన పిచ్చోడు ఎవడే?"

"తాండూరు దిక్కు మేస్త్రి ఎవడో," అన్న.

ముందు సీటుల నుంచి మీ నాయనమ్మ, చెవుడు గదా ఆమెకు, ఫోన్ల ఒక్క మాట ఇనవడదు, "గీయననే" అన్నది.

కాపరి నవ్వలే. మంచోడు. కర్ర పక్కన పెట్టి నేను ఉలి పెట్టిన కాడ మా కారులున్న గడ్డపారతోని ఎత్తి పట్టిండు. మోయిన్ భాయ్ గూడ చెయ్యేసిండు. ఒక్కొక్క బండ లేసింది. కింద సిమెంటు పెడ్డలు పెడ్డలుగ వచ్చింది. రోడ్డు పక్కన పేరిస్తే ఇంత ఎత్తు. "జీవాలు నీళ్లు తాగే కాడ బురద ఐతున్నది, తీస్కపోత" అన్నడు కాపరి. తీస్కపో అన్న. నా పని మీద మంత్రులు నడిచిన్రో లేదో తెల్వది గని, గొర్లు మాత్రం రోజు నడుస్తున్నయి.

ముందు సీటు కాడిదొక్కటి మిగిలింది. దాన్ని తీయాల్నంటే ఆమె దిగాలె. ఆమె దిగనన్నది. "ఇది నాది. మీ ఇద్దర్ల ఎవరన్న దిగున్రి" అన్నది. ఇదే బిడ్డా నువ్వడిగింది.

కారు గుట్టెక్కింది. నేను చెయ్యి ఊపలే. ధారూర్ దాటినం, తాండూర్ వచ్చినం. అక్క ఇంటి ముందల ఆపినం. అక్క గడప మీద కూసున్నది. ఆమె ఇంటాయన సేడం దిక్కోడు, ఇంట్ల సగం కన్నడమే. చెవిటోళ్లకు గూడ ఇనవడే మా కారు చప్పుడు ఇని "యార్ బందార్" అన్నది, ఎవరొచ్చిన్రని. నేను మాట్లాడబోతుంటే మీ నాయనమ్మ నా చెయ్యి గిచ్చింది. అక్క లేసి కారు మీద చెయ్యేసి తడుముకుంట వచ్చింది. ముందటి దీపం, బానెట్, తలుపు. తలుపు తీసి ఉన్నది. చెయ్యి మోకాలికి తగిలింది. మోకాలు తడిమింది, మొఖం తడిమింది, చెవి పట్టుకొని ఇంత మెలిపెట్టింది. "గింత ఆల్శమా, పొట్టీ" అన్నది.

ఇంట్లకు పోదాం అన్న. ఎవరింటరు. ఈమె దిగలే, ఆమెనే ఎక్కింది. సీటుల ఈమె నడుమకు జరిగింది, అంచుకు ఆమె. ఇద్దరికి చెవుడు గదా, ఒకరి చెవుల ఒకరు నోరు పెట్టి మాట్లాడుతున్నరు. జరసేపైనంక అక్క, "ఊరు తిప్పు" అని మోయిన్ భాయ్‌కి హుకుం చేసింది. కండ్లు లేకున్న ఆమెనే తొవ్వ చెప్తున్నది. వాసనకు కందిపప్పు మిల్లు, చప్పుడుకు బండల పాలిష్ మిషన్లు, గిక్కడ ఎడమకు, గిక్కడ ఆగు. మూడుసార్లు తిప్పిచ్చింది.

నేనేడున్ననంటవా? సీటు నిండింది గదా. ఎనక ఇనుప పట్టీల మీద గోనెసంచి ఏస్కొని, పైన పట్టుకొని కూసున్న. కాళ్లు పెట్టనీకి నేల లేదు. కింద తాండూరు రోడ్డు నా కాళ్ల నడుమ నుంచి ఉరుకుతున్నది. దుమ్మంత నా నోట్లనే. ముందల ఆ ఇద్దరు నవ్వుతున్నరు, ఎందుకో నాకు చెప్పలే. చెప్పనియ్యి. నాకు అంత మంచిగ ఎప్పుడు కూసున్నట్టు లేదు.

ఇప్పుడు మోయిన్ భాయ్ ఎనక రేకు ఏసిండు. నెలకొకసారి పోతున్నం. నువ్వు గూడ రేపు రా. నువ్వు ఎన్నడు ఏ తొవ్వ పోయినా, తొవ్వ చివర నీ చెవి మెలిపెట్టి ఆల్శమెందుకైందని అడిగే మనిషి ఉండాలె బిడ్డా, అదొక్కటే నేను అడుగుత దేవున్ని... అగో, మీ నాయనమ్మ పిలుస్తున్నది. జర ఆ చెప్పులందియ్యి, ఇంకా ఏదో చెప్పాల్నని...