ఎర్ర మాసీ దగ్గర

జగ్గయ్యపేట శివార్లో, మిరప పీకేసిన చేలో ట్రాక్టర్ల లాగుడు పోటీలు. చేను చివర పాత ట్రాక్టర్లని జనం చూడటానికి వరసగా నిలబెట్టి, ముందు తాడు కట్టారు. నందిగామలో టీచరుగా రిటైరైన కనకవల్లి వాటిని ఫోటోలు తీయడానికి ఏటా వస్తుంది. తాడు దాటి లోపలికొచ్చి, పెనుగంచిప్రోలు రైతు భవానీప్రసాద్ ఎర్ర మాసీ ట్రాక్టరు దగ్గర ఆగి కెమెరా ఎత్తింది.

“కొంచెం అటు జరగండి ప్రసాద్ గారూ. మీ నీడ బానెట్టు మీద పడుతోంది.”

“ఇట్టానా టీచరు గారూ?”

“ఇంకొంచెం. ఆఁ, చాలు. అదేంటి, సొట్ట ఏదీ?”

“ఏం సొట్ట?”

“బానెట్టు మీద ఉండేదిగా. కొబ్బరికాయ పడిందన్నారు పోయినేడు.”

“అదా... తీయించా. ఒకతను ఉంటే తీయించా. టీ తాగుతారా? అల్లం టీ. అదుగో, అక్కడ పెడుతున్నాడు.”

“ఇప్పుడే తాగా. మడ్‌గార్డు మీద ‘కమల’ అని పేరుండేది. అదీ లేదు.”

“రంగేయించా గదండీ. రంగు కింద పోయింది.”

“మీ ఆవిడ పేరు మీద రంగేయించారా?”

“నేను వేయించలా. నేను లేనప్పుడు వాడే వేసేసాడు.”

“మళ్ళీ రాయించకపోయారా?”

“రాయిస్తా. రాయిస్తాలెండి. మీరు తీయండి, ఎండ పోతోంది.”

“కొత్త రంగులా లేదే. బాగా పాలిపోయింది.”

“ఇప్పుడట్టానే వేస్తున్నారండీ. పాతదిగా కనపడేట్టు.”

“ఎవరు?”

“ఉన్నార్లెండి. ఇదుగో, ఇతను మా వెస్లీ. కీసర వెస్లీ. నాకు తోడొచ్చాడు. ఏమయ్యా వెస్లీ, నువ్వెళ్ళి పోటీ చూసుకో. ఇక్కడేం పని నీకు?”

“చూస్తాలెండి ప్రసాద్ గారూ. లోడు ట్రాలీ ఇంకా కట్టలా.”

“కడుతున్నారు, మైకులో చెప్తన్నాడుగా. పదండి టీచరు గారూ, మనం కూడా చూద్దాం.”

“కొత్త బళ్ళు ఏది లాగితే నాకేంటండీ. మీరెక్కి స్టార్ట్ చేయండి. పొగ రావాలి ఫోటోలో.”

“స్టార్టా? ఎందుకులెండి, చప్పుడు.”

“లాగుడు పోటీలకొచ్చి చప్పుడంటారేంటి? పొగ లేకపోతే ట్రాక్టరు నిద్రపోతున్నట్టుంటుందని పోయినేడు మీరేగా అన్నది.”

“అన్నానా? అనే ఉంటాలెండి. సరే... ఆగండి. తాళం... ఆఁ, ఇదిగో.”

“బాగుంది! తల తిప్పకండి. ఇంకొకటి. ఇంకొక్కటే. చాలు, ఆపండి.”

“ఏంటీ?”

“ఆపండీ! పొగంతా నా మీదకే వస్తోంది!”

“ఆపుతున్నా. ఆపుతున్నా... ఇది కాదు... ఇదీ కాదు...”

“ఏం వెతుకుతున్నారు?”

“ఆపే నాబు... వెస్లీ! ఏమయ్యా వెస్లీ! ఎక్కడ లాగాలయ్యా ఇది?”

“కిందండీ, ఎడం పక్క! గట్టిగా లాగాలి!”

ఇంజను ఆగింది. వెస్లీ తలొంచుకుని పోటీ వైపు నడిచాడు.

“పెళ్ళికి ముందు నుంచీ నడుపుతున్నానన్నారు. ఆపటం మర్చిపోయారా?”

“వయసండీ.”

“ప్రసాద్ గారూ.”

“చెప్పండి.”

“బళ్ళో పిల్లల అబద్ధాలు వినీ వినీ రిటైరైన మనిషిని నేను.”

“మాసీయే గదండీ. అదే మోడలు, అదే రంగు. ఫోటోలో ఏం తేడా ఉంటది?”

“ఉంటుంది. ఏటా అదే ట్రాక్టరు తీస్తున్నది ఎందుకనుకున్నారు? ఫోటోలు పక్కపక్కన పెడితే అదెలా ముసలిదవుతోందో కనపడాలని. నేను మొదట తీసింది మీదే. అదేదీ?”

“అమ్మేసా.”

“అమ్మేసారా? ఎప్పుడు?”

“దసరా ముందు. రెడ్డిగూడెం ఆయనెవరో తీసుకెళ్ళాడు. కమల పోయాక పొలం కౌలుకిచ్చా గదా. దానికి పని లేదు, నాకూ లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసి, కాసేపు మీద కూర్చుని ఆపేసేవాణ్ణి. ఎదురింటాయన ఒకరోజు అడిగాడు, ‘రోజూ ఎక్కడికో బయల్దేరతావు, ఆగిపోతావు, ఎక్కడికయ్యా’ అని. ఏం చెప్పను? ఆ వారమే బేరం పెట్టా.”

“కమల గారి పేరుతోనే ఇచ్చేసారా?”

“చెరిపేద్దామనే అనుకున్నా. కిరసనాయిలు గుడ్డ పట్టుకుని దాని పక్కన కూర్చున్నా. చెయ్యి రాలా. ఇప్పుడు రెడ్డిగూడెంలో తిరుగుతోంది, కమల.”

“నాకొక ఫోన్ చేయాల్సింది. వచ్చి ఆఖరి ఫోటో తీసేదాన్ని.”

“మీ నంబరు లేదు గదండీ నా దగ్గర.”

“ఏటా ఫోటోలు పంపుతున్నాగా.”

“పోస్టులో పంపుతారు. నంబరు అడుగుదామని అనుకుంటా... బాగోదేమోనని అడగలా.”

“నేనూ ఇవ్వలేదులెండి.”

“అమ్మగారు బాగున్నారా? పోయినేడు మందులు కొనాలని తొందరగా వెళ్ళిపోయారు.”

“కార్తీకంలో పోయింది.”

“అయ్యో. చెప్పలేదే.”

“ఎలా చెప్పను? మీ నంబరూ నా దగ్గర లేదు.”

“అంటే... ఇంట్లో ఇప్పుడు?”

“నేనే. ఈ ఫోటోలన్నీ కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తుంటా. ఏ బోల్టు ఊడింది, ఎక్కడ తుప్పు పట్టింది అని. పొద్దుపోతుంది. మీకేం, పెనుగంచిప్రోలులో అందరూ మీవాళ్ళేగా.”

“మావాళ్ళే. ‘భోంచేసావా ప్రసాదూ’ అంటారు. చేసానంటా. వెళ్ళిపోతారు.”

“...కళ్ళజోడు తుడుచుకుంటున్నా, ఉండండి. దుమ్ము.”

“దుమ్మేనండీ. చేను గదా.”

“అయితే ఈ బండి వెస్లీదా?”

“వాళ్ళ నాన్నది. కొట్టంలో ఉంటే అడిగా. ముందు నవ్వాడు, తర్వాత ఇచ్చాడు. తెల్లారకముందే కీసరలో బయల్దేరాం. హైవే మీద లారీలన్నీ హారన్లే. నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని దారంతా దండకం చదివాడు వెస్లీ, ‘గేరు మార్చండి, గేరు మార్చండి’ అని.”

“ఇంతా చేస్తే, వరసలో పెట్టిన బళ్ళకి ప్రైజు కూడా లేదు.”

“లేదండీ.”

“పోటీ అయినా చూస్తున్నారా అంటే, ఇందాకట్నుంచీ అటు తలే తిప్పలేదు మీరు.”

“చూడలా.”

“మరెందుకండీ ఈ అవస్థ? హాయిగా బస్సెక్కి రాకపోయారా? పక్కూరి వాళ్ళ బండి అరువు తెచ్చుకుని, సొట్ట తీయించా, రంగేయించా అని నాతో ఇన్ని కోతలు కోసి...”

“బస్సులో రావచ్చండీ. వస్తే ఆ తాడు అవతల జనంలో నించోవాలి. మీరేమో ఇటు ఈ వరసలోకి వచ్చేస్తారు. ఒక్కో ట్రాక్టరు దగ్గరా ఆగుతారు, దాని మంచీచెడ్డా అడుగుతారు, వెళ్ళిపోతారు. ఉత్త మనుషుల దగ్గర ఆగరు గదండీ మీరు.”