అలిగిన అల్లుడు

హాలిఫాక్స్ ఫెర్రీలో నా వెనక సీట్లో ఒక కుర్రాడూ, అతను అద్దెకుంటున్న ఇంటావిడా మాట్లాడుకుంటున్నారు.

“ఇంతమంది స్టూడెంట్లలో పార్ట్‌టైమ్ దొరకడమే గగనం. నీ క్యాంపస్ గైడ్ ఇంటర్వ్యూ ఏమైందిరా?”

“జిమ్ గోడమీద బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్‌ల ఫోటోలు చూపించి, మొదటాయన నుంచీ పేర్లు చెప్పమన్నారాంటీ.”

“పేర్లు గుర్తుండటానికి ఆ ఫోటోలకి మనం పెట్టుకున్న గుర్తులు పనికొచ్చాయా? మీసాల తాతయ్య, బట్టతల పెదనాన్న, కళ్లజోడు మావయ్య...”

“అందరి పేర్లూ గుర్తొచ్చాయి. చివరి ఫోటో, ఇప్పటి కోచ్ దగ్గర మాత్రం ‘అలిగిన అల్లుడు’ అని పైకే అనేశా. ఆయన నా వెనకే ఉన్నారు!”

“అయ్యో! అర్థం అడిగారా?”

“అడిగారు. పెళ్లిలో అలకపాన్పెక్కి మూతి ముడుచుకునే అల్లుడని చెప్పేశా.”

“కొంప ముంచావు! ఉద్యోగం పోయినట్టేనా?”

“సోమవారం నుంచి రమ్మన్నారు. ఆయన మాత్రం రేపే కొత్త ఫోటో దిగుతారట.”