అమ్ముడుపోయిన ఫోటో

హలో… ఆ, నేనేనక్కా. ఉండు, బాల్కనీలోకి వస్తున్నాను… ఇప్పుడు వినపడుతోందా…

ఏంటీ, అప్పుడే వచ్చేసిందా. ఇవాళ ఆదివారం కదా, రేపు పంపిస్తామన్నారే…

తలుపంతా… అవును, ఇంచుమించు అంతే ఉంటుంది… పరుపు కాదక్కా. నీకు నేను పరుపెందుకు పంపిస్తాను.

విప్పకు. ముందు నా మాట విను. బావగారు ఇంట్లో ఉన్నారా… పడుకున్నారా. మంచిదే.

అది ఫోటో. పెద్దగా ప్రింటు తీయించి ఫ్రేము కట్టించింది… ఇంకెవరు తీస్తారు, మీ మరిదిగారే తీశారు…

కానుక కాదు. నేను కొన్నాను…

అవునక్కా, నువ్వు సరిగ్గానే విన్నావు. మా ఆయన తీసిన ఫోటో నేనే కొన్నాను. డబ్బులు కట్టి… నవ్వుకో, నవ్వుకో. నవ్వడం అయ్యాక చెప్పు, అప్పటిదాకా ఆగుతాను.

…

ఆయనకి తెలియదు. అందుకే మీ నిజాంపేట అడ్రసిచ్చాను. నీకు ముందే చెప్పాల్సింది. చెబితే వద్దంటావని చెప్పలేదు.

ఆయనా… ఖాజాగూడ చెరువు దగ్గరికి వెళ్లారు. ఆ ఫోటోల గ్రూపువాళ్లతో. పొద్దు వాలేటప్పుడు వెలుతురు బాగుంటుందట. మా తెల్లాపూర్‌లో కూడా పొద్దు వాలుతుంది, కానీ అది పనికిరాదు.

సరే, మొదటి నుంచీ చెప్తాను. నువ్వు మధ్యలో ఆయన్ని తిట్టకూడదు… నేను తిట్టొచ్చు. నువ్వు తిట్టకూడదు.

ఇంటి నుంచి పనిచేసీ చేసీ ఆయనకి మెడ పట్టేసింది చూడు… ఆ, పట్టీ వేసుకుని మీ ఇంటికొచ్చారే, అప్పుడు. స్క్రీను వదిలి బయట తిరిగే వ్యాపకం ఏదైనా పెట్టుకోమన్నాడు డాక్టరు. అప్పుడు కెమెరా కొనిపించింది నేనే. మా పెళ్లిరోజుకి… అవును, ఆ చిన్నదే. పెట్టెలోనే ఒక లెన్సు కూడా వచ్చింది. హమ్మయ్య, అంతటితో అయిపోయింది అనుకున్నాను.

అది ఖర్చు కాదక్కా. అది లోపలికి వెళ్లడానికి టికెట్టు. లోపలున్న ప్రతిదానికీ మళ్లీ విడిగా ఇచ్చుకోవాలి.

దగ్గరవి తీయడానికొక లెన్సు, దూరానివి తీయడానికొకటి. ఆ రెండోది మన నాన్నగారి టీ ఫ్లాస్కు ఉండేది చూడు, అంత పొడుగు. దాని బరువు చెయ్యి మోయలేదు కాబట్టి స్టాండు. ఆ స్టాండు పట్టే బ్యాగు. ఆ బ్యాగు బస్సులో పట్టదు కాబట్టి కారు.

తర్వాత వానాకాలం వచ్చింది. లెన్సుకి బూజు పడుతుందని ఎవరో చెప్పారు. బూజు పట్టకుండా ఒక చిన్న బీరువా ఉంటుందట, కరెంటుతో నడిచేది. అదీ వచ్చింది. నా చీరల బీరువా పక్కన పెట్టారు… కాదులే, దాని పక్కన కాదు, దాని చోట్లోనే పెట్టారు. నా చీరలు మంచం కింద పెట్టెల్లో ఉన్నాయి. వాటికి బూజు పట్టదు కాబోలు.

… ఫోటోలా. ఇప్పుడు రీలు లేదు కదా, ఊరికే వస్తాయి అనుకున్నాను నేను కూడా. ఊరికే వస్తాయి కాబట్టే ఒక్క పిట్టకి మూడొందలు తీస్తారు. అవన్నీ దాచుకోడానికి డిస్కులు. ఆ డిస్కులు పాడైతే ఎలాగని వాటికి జోడీగా ఇంకొన్ని డిస్కులు. ఫోటోల్ని దిద్దుకునే సాఫ్ట్‌వేరుంది చూడు, అది కొనడానికి వీల్లేదు. నెలనెలా కట్టాలి. ఇల్లు సొంతమైంది, పిట్టలకి మాత్రం అద్దె కడుతున్నాం.

లేదక్కా, డబ్బు గురించి కాదు నా బాధ. డబ్బు ఎలాగోలా సర్దుకుంటాం. తూనీగల్ని తీయాలని గడ్డిలో మోకాళ్ల మీద పాకి పాకి… అవును, మెడ నొప్పికి మొదలుపెట్టిన మందు మోకాలికి దిగింది. ఇప్పుడు దానికి ఫిజియోథెరపీ.

రసజ్ఞ పుట్టినరోజున ఏమైందో చెప్పానా… కొవ్వొత్తులు వెలిగించాక ఆగమన్నారు. లైటు తీయమన్నారు, వేయమన్నారు, దాన్ని కొంచెం ఎడమకి జరగమన్నారు. ఈలోగా మైనమంతా కేకు మీదికి కారింది. పైపొర గీకేసి తిన్నాం. ఇప్పుడు వాళ్ల నాన్న కెమెరా తీస్తే చాలు, అది గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. ఇంట్లో ఎన్ని వేల ఫోటోలున్నాయో నాకు తెలియదు. అందులో దాని ఈ ఏడాది ఫోటో ఒక్కటి చూపించమను.

… అంటే, మంచివాడేనక్కా. తాగుడు లేదు. తిరుగుడుంది, అదీ పిట్టల వెంట.

వస్తున్నా, ఆ విషయానికే వస్తున్నా.

మాదాపూర్‌లో ఒక గ్యాలరీ ఉంది. పార్థసారథిగారని పెద్దాయన నడుపుతారు. గ్రూపులో అందరితో పాటు ఈయన్ని కూడా ఫోటోలు పెట్టుకోమన్నారు. ఎనిమిది పెట్టుకోవచ్చట. గోడకి అద్దె మనం కట్టాలి. ప్రింట్లు మనవి, ఫ్రేములు మనవి. చూడ్డానికొచ్చినవాళ్లకి సమోసాలూ టీ కూడా మనవే. గ్యాలరీవాళ్లది ఏంటంటే… మేకులు.

ఆయన నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏ ఎనిమిది పెట్టాలి అని. హాలంతా ఫోటోలు పరిచి వాటి మధ్య నడిచేవారు. మేం గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్లేవాళ్లం.

వచ్చారు, జనం బాగానే వచ్చారు. ఆఫీసువాళ్లు, మా అపార్ట్‌మెంటువాళ్లు. బాగున్నాయి బాగున్నాయి అన్నారు. ఇది ఏ కెమెరా అని అడిగారు. కొందరు ఫోటోలకి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకున్నారు.

అమ్ముడైతే ఫోటో కింద చిన్న ఎర్ర చుక్క అంటిస్తారక్కా అక్కడ. పక్క గోడ ఎవరో కొత్తమ్మాయిది. దద్దుర్లు లేచినట్టు ఆ గోడ నిండా చుక్కలే. మా గోడ తెల్లగా, శుభ్రంగా ఉంది.

ఆఖరి రోజు సాయంత్రం ఆయన మూలనున్న కుర్చీలో కూర్చున్నారు. ఎవరైనా లోపలికి వస్తే లేచి చొక్కా సర్దుకుని నిలబడేవారు. వాళ్లు పక్క గోడ వైపు తిరిగితే మళ్లీ కూర్చునేవారు. ఆఫీసులో అంతమంది చేత పని చేయించే మనిషి. ఆ కుర్చీలో… నేను చూడలేకపోయానక్కా.

టీ తెస్తానని చెప్పి బయటికొచ్చాను. మెట్ల మీద నిలబడి పార్థసారథిగారికి ఫోన్ చేశాను. లోపలే ఉన్నారు ఆయన, అయినా ఫోనే చేశాను. ఫలానా ఫోటో నేను తీసుకుంటాను, పేరు మాత్రం చెప్పకండి అన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా… “అమ్మా, ఇది మా దగ్గర కొత్తేమీ కాదండి” అన్నారు.

… అవును, అలాగే అన్నారు. నాక్కూడా నవ్వొచ్చింది. ఆ పక్క గోడ చుక్కల్లో ఎన్ని వాళ్లమ్మవో మరి.

నేను టీ పట్టుకుని లోపలికెళ్లేసరికి చుక్క అంటిస్తున్నారు. ఈయన మొహం… ఎలా చెప్పను. రసజ్ఞని మొదటిసారి చేతికిచ్చినప్పుడు చూశాను అలాంటి మొహం. మళ్లీ ఇప్పుడే.

… నా బోనస్ డబ్బులు. ఇంకా విను. గ్యాలరీ తన సగం తీసుకుని మిగతా సగం ఈయనకిచ్చింది. అంటే మా ఇంట్లోంచి బయలుదేరిన డబ్బు మాదాపూర్‌లో సగం దిగిపోయి, మిగిలింది మా ఇంటికే వచ్చింది. ఆ మిగిలినదాంతో ఆయన లెన్సుకి ఫిల్టరు కొన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నది ఎవరని పార్థసారథిగారిని అడిగారట. పాపం ఆయన మొహమాటపడి, నిజాంపేటలో ఎవరో మంచి అభిరుచి గల కుటుంబమండీ అన్నారట… అవును, నీ గురించే.

ఇక చూడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు డబ్బిచ్చి కొన్నారంటే తనలో ఏదో ఉన్నట్టేగా అన్నారు. ఆ మాట రోజుకోసారి. విజిటింగ్ కార్డులు వేయించారు. రేపు పొద్దున్న ఆఫీసులో రాజీనామా ఇస్తున్నారు…

లేదక్కా, నిజమే చెప్తున్నాను. మెయిలు రాసి పెట్టుకున్నారు. ఇంగ్లీషు బాగుందా అని నాకు చదివి వినిపించారు కూడా. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

… అడక్కుండా ఉంటానా. ఈ కంపెనీల్లో ఎవరి పేరు ఏ రోజు లిస్టులోకి ఎక్కుతుందో తెలియదు, వాళ్లు పొమ్మనకముందే నాకిష్టమైన పనిలోకి నేను పోతాను అన్నారు. ఆ మాటని తప్పు పట్టలేను. కానీ ఆ ధైర్యం ఆయనకి ఎక్కడి నుంచి వచ్చింది… నా ఎర్ర చుక్క నుంచి.

చెప్పాలి. తెలుసు, చెప్పాలి. పొద్దుట్నుంచీ అదే అనుకుంటున్నాను. చెబితే ఉద్యోగం ఉంటుంది, ఆ మొహం ఉండదు. చెప్పకపోతే మొహం ఉంటుంది, ఎన్నాళ్లుంటుందో తెలియదు.

ఏంటా చప్పుడు… విప్పుతున్నావా. వద్దన్నానుగా… సరే, విప్పు. కత్తెర లోతుగా దించకు, అద్దం ఉంటుంది.

…

అక్కా…

అక్కా, లైన్లో ఉన్నావా…

ఆ, ఆవిడ పేరు పోచమ్మ. మా పక్కన టవరు కడుతున్నారు చూడు, అక్కడి వాచ్‌మన్ భార్య. కూతురికి జడ వేస్తోంది, బడికి పంపేముందు… అవును, మెట్ల మీదే. గోడలింకా లేవట అప్పటికి. అందుకే ఎండ అలా పడింది.

కాదు, పిట్ట లేదు. ఆ ఎనిమిదింటిలో పిట్ట లేనిది అదొక్కటే. పాలపాకెట్ కోసం కిందికి వెళ్లి తీశారు, కెమెరా కొన్న కొత్తల్లో. పెట్టెలో వచ్చిన ఆ ఉత్త లెన్సుతోనే. గ్రూపువాళ్లయితే గరుకుగా ఉంది, ఇది పెట్టొద్దన్నారట.

పోచమ్మా… చూసింది. “సారూ, గిన్ని ఫోటోలు తీస్తున్నవ్, మాకొక్కటన్న ఇయ్యవా” అందట. ప్రింటు తీయించి ఇచ్చారు.

ఏమైందక్కా… సౌజన్య గుర్తొచ్చిందా… బడికి పంపేముందు దానికీ నువ్వు ఇలాగే జడ వేసేదానివి… పుణె వెళ్లాక జుట్టు కత్తిరించుకుందని దాంతో ఎన్నాళ్లు మాట్లాడలేదు నువ్వు…

ఏడుస్తున్నావా… సరే, జలుబే. జలుబే అనుకుందాం.

ఏంటీ… హాల్లోనా. టీవీ పైనా… క్యాలెండరు తీసేసి పెడతావా. బావగారు ఒప్పుకుంటారా…

ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. నా కోసం అంటున్నావా…

నమ్మాలనే ఉందక్కా. కానీ నేను ఆయనకి చేసిందే నువ్వు నాకు చేస్తున్నావేమోనని… డబ్బెందుకు, వద్దు. డబ్బు మాటెత్తితే అసలు నమ్మను.

సరే… సరే. గోడకి పెట్టుకో.

తలుపు చప్పుడైంది. వచ్చేశారు… వద్దు, నువ్వు ఉండు. పెట్టెయ్యకు. నువ్వుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఏమండీ, ఆ బ్యాగు దింపి ఒకసారి ఇలా కూర్చోండి… అక్క ఫోన్లో ఉంది, పర్లేదు… మంచినీళ్లు తర్వాత తాగుదురుగాని.

గ్యాలరీలో మీ ఫోటో కొన్నది నేనండీ.

… నేనే. వేరే ఎవరూ కాదు. ఇప్పుడది అక్కావాళ్లింట్లో ఉంది.

…

అక్కా… ఉన్నావా… మళ్లీ బాల్కనీలోకి వచ్చాను. బూట్లు కూడా విప్పలేదు, సోఫాలో అలాగే కూర్చున్నారు…

ఇప్పుడు చెప్పనా, నువ్వు హాల్లో పెట్టుకుంటానన్నావని… వద్దులే. ఇప్పుడు చెబితే అదీ ఓదార్పులాగే ఉంటుంది. నువ్వే ఎప్పుడైనా చెప్పు. ఇంటికి పిలిచి చూపించు.

లాప్‌టాప్ తెరిచారు…

ఉండు… ఆ మెయిలే. కనపడుతోంది నాకు ఇక్కడి నుంచి.

… తీసేశారు. పంపలేదక్కా, తీసేశారు. మొత్తం.

అవును, నేను కోరుకున్నది అదే. మరి సంతోషంగా ఎందుకు లేదో తెలియడం లేదు.

ఏంటండీ… మళ్లీ చెప్పండి, వినపడలేదు…

అక్కా, ఆయన అడుగుతున్నారు… ఎనిమిదింటిలో అదే ఎందుకు కొన్నావని…

కాదు, వెటకారం కాదు. మామూలుగానే అడుగుతున్నారు. చవకదని కాదు, అన్నీ ఒకటే ధర. ఆయనకీ తెలుసు అది. తెలిసే అడుగుతున్నారు. నా మొహంలోకే చూస్తున్నారు.

ఇక ఉంటానక్కా… లేదు, ఏం భయం లేదు. ఈ ఒక్కదానికి నా దగ్గర నిజమైన జవాబుంది. అది ముందు ఆయనకే చెప్పాలి… ఆ, పెట్టేస్తున్నాను—